సొంతంగా కట్టుకున్న విమానంలో 13బి రోటరీ: మిగతా ట్యూనింగ్ గాలిలో చేసుకోవచ్చా?

మీ ప్రశ్న చదివి నాకు అర్థమైంది ఇది. మీరు కట్టుకున్న రెండు సీట్ల విమానంలో టర్బో లేని మాజ్డా 13బి రోటరీ ఇంజిన్ పెట్టారు, అంటే పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్లు తిరిగేది. రిడక్షన్ గేర్‌బాక్స్, ఫిక్స్‌డ్ పిచ్ (బ్లేడ్ల కోణం మారని) ప్రొపెల్లర్, ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నాయి. స్టార్ట్ అవుతోంది, ఐడిల్ నిలకడగానే ఉంది. థ్రాటిల్ సగం దాకా తోసేసరికి ఒక చోట దగ్గినట్టు తడబడుతోంది, ఇంకొంచెం తోస్తే మళ్లీ అందుకుంటోంది. పది నిమిషాల రన్‌లో కూలెంట్ బాగానే ఉంటోంది గానీ ఆయిల్ 105 డిగ్రీల సెల్సియస్ దాటుతోంది. ట్యాక్సీ పరీక్షలు అయిపోయాయి, మిగతా ట్యూనింగ్ గాలిలో చేసుకుంటే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. ఈ రెండు సమస్యలూ నేల మీదే తేలాలి. తడబాటు వచ్చే ఆ చోటునే ఆలోచించండి. టేకాఫ్ అయ్యాక పవర్ తగ్గించేటప్పుడు థ్రాటిల్ దాని మీదుగానే వెనక్కి వస్తుంది. ల్యాండింగ్ కుదరక మళ్లీ పైకి లేవాల్సి వస్తే దాని మీదుగానే ముందుకు వెళ్తుంది. రెండు సందర్భాల్లోనూ మీరు నేలకు దగ్గరగా, తక్కువ వేగంతో ఉంటారు. ఇక ఆయిల్ వేడి సంగతి: క్లైంబ్‌లో పవర్ ఎక్కువ, గాలి వేగం తక్కువ. నేల మీద ఎక్కడో ఆగిన సూది అక్కడ ఇంకా పైకి పోవచ్చు.

వివరాల్లోకి వెళ్లే ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, కింద రాసేదంతా దాని మీదే నిలబడింది. రోటరీ విమానాన్ని దింపేసేది చాలావరకు రోటర్లు కావు. ఇంధనం అందకపోవడం, వేడి బయటికి పోకపోవడం, కరెంటు ఆగిపోవడం, ఈ మూడే. ఆ తర్వాత గేర్‌బాక్స్, ఎగ్జాస్ట్. ఇంజిన్ లోపల రెండు రోటర్లు, ఒక ఎక్సెంట్రిక్ షాఫ్ట్ తప్ప తిరిగే పెద్ద భాగాలు లేవు. వాల్వులు లేవు, క్యామ్‌షాఫ్ట్ లేదు, కనెక్టింగ్ రాడ్లు లేవు. రోటర్ మూలల్లో ఉండే ఏపెక్స్ సీల్ ఒకటి పోయినా చాలాసార్లు పవర్ తగ్గి, వణుకుతూనైనా తిరుగుతుంది. గంటల తరబడి ఎక్కువ పవర్‌లో నడవడం రోటరీకి కొత్త కాదు. 1991లో లె మాన్ 24 గంటల రేసు గెలిచిన మాజ్డా 787బి నాలుగు రోటర్ల ఇంజిన్‌తోనే పరిగెత్తింది. జర్మనీ కంపెనీ ష్లైఖర్ వారి ఏఎస్‌హెచ్ 26ఈ మోటార్ గ్లైడర్‌లో ఉన్నదీ చిన్న రోటరీయే. అందుకే మ్యాప్‌లో, అంటే ఏ ఆర్‌పీఎం, ప్రెషర్ దగ్గర ఎంత పెట్రోలు చిమ్మాలో ఇంజిన్ కంప్యూటర్‌కు (కంట్రోలర్‌కు) చెప్పే గళ్ల పట్టికలో, అంకెలు మార్చే పని చివరికి ఉంచి, ఇంజిన్ చుట్టూ ఉన్నవాటిని ముందు పరీక్షించాలి.

అన్నిటికంటే ముందు కంప్రెషన్. దీనికి రోటరీ కోసమే చేసిన టెస్టర్ వాడండి. ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలుంటాయి, మూడింటి అంకెలూ విడివిడిగా కావాలి. మామూలు పిస్టన్ ఇంజిన్ గేజ్ మూడింటిలో పెద్దదాన్ని మాత్రమే పట్టుకుని చూపిస్తుంది. బలహీనమైన ముఖం దాని వెనక దాక్కుంటుంది. మాజ్డా లెక్కంతా స్టార్టర్ మీద 250 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న 13బి చదరపు సెంటీమీటరుకు 8.5 కిలోల దరిదాపుల్లో చూపాలి. 6కు దిగిందంటే ఇంజిన్ విప్పే వేళ అయిందని అర్థం. ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 1.5 దాటకూడదు. బ్యాటరీ నీరసంగా ఉండి స్టార్టర్ నెమ్మదిగా తిరిగితే అంకె తగ్గుతుంది, కాబట్టి పక్కన ఆర్‌పీఎం కూడా రాసుకోండి. ఇంజిన్ ఫ్లడ్ అయిన వెంటనే కొలిస్తే కూడా తక్కువే వస్తుంది, పెట్రోలు సీల్స్ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. ఈ అంకెలు సరిగా లేని ఇంజిన్‌కు ట్యూనింగ్ చేయడం వృథా శ్రమ.

తర్వాత ఇంధనం. మీ ఇంజిన్ టేకాఫ్‌లో 170 హార్స్‌పవర్ దాకా ఇస్తుందనుకుంటే, రిచ్ మిక్స్చర్‌తో (గాలితో పోలిస్తే పెట్రోలు ఎక్కువ, దీనికి వ్యతిరేకం లీన్) గంటకు సుమారు 60 లీటర్లు తాగుతుంది. పంపుతో ఇంధనం అందించే వ్యవస్థకు విమాన రంగంలో చాలాకాలంగా ఉన్న కొలత, టేకాఫ్ అవసరానికి 125 శాతం. అంటే గంటకు 75 లీటర్లు, నిమిషానికి లీటరుంపావు. గ్రావిటీతో దిగే వ్యవస్థకైతే 150 శాతం. కొలిచే తీరు ముఖ్యం. ముక్కు పైకెత్తి, క్లైంబ్‌లో ఉండే కోణంకన్నా కాస్త ఎక్కువే పెట్టండి. ట్యాంకులో అడుగున మాత్రమే ఇంధనం ఉంచండి. రిటర్న్ లైన్‌ను రెగ్యులేటర్ తర్వాత విప్పి డబ్బాలోకి వదిలి గడియారం పెట్టి కొలవండి. అప్పుడు పంపు అసలు ఒత్తిడికి ఎదురుగా ఎంత తోస్తుందో తెలుస్తుంది. రెండు పంపులుంటే ఒక్కోదాన్ని విడిగా కొలవాలి, రెండూ కలిపి కొలిస్తే ఏదీ తెలియదు. డబ్బాను, విమానాన్ని తీగతో కలిపి ఉంచడం, దగ్గర్లో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టడం మరచిపోవద్దు.

ఫ్లో బాగుందని నిశ్చింతగా ఉండడానికి లేదు, వేపర్ సంగతి కూడా చూడాలి. ఇంజెక్షన్ వ్యవస్థలో వాడని పెట్రోలు వేడెక్కి వెనక్కి వస్తుంది. అది పంపుకు ముందుండే చిన్న హెడర్ ట్యాంకులోకే తిరిగి వస్తుంటే అరగంటలో ఆ ట్యాంకు మొత్తం వేడెక్కుతుంది, పంపు ద్రవానికి బదులు ఆవిరిని లాగడం మొదలుపెడుతుంది. రిటర్న్‌ను పెద్ద ట్యాంకుకే పంపండి, అదీ ఇంధనం తీసుకుంటున్న ట్యాంకుకే. పంపులు ఇంజిన్ గదిలో కాకుండా ఫైర్‌వాల్ (ఇంజిన్ గదికీ క్యాబిన్‌కూ మధ్య గోడ) వెనక, ట్యాంకు మట్టానికి వీలైనంత కింద ఉండాలి. పరీక్ష సులువే. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడిపి ఆపండి. కౌలింగ్ (ఇంజిన్ మీది కప్పు) మూసే ఉంచి ఇరవై నిమిషాలు ఆగండి. మళ్లీ స్టార్ట్ చేసి వెంటనే టేకాఫ్ పవర్‌కు తీసుకెళ్లండి. ఫ్యూయల్ ప్రెషర్ సూది వణికినా, ఇంజిన్ తడబడినా ఆ సమస్య మ్యాప్‌ది కాదు. ఇథనాల్ కలిసిన కారు పెట్రోలు వాడేవాళ్లు ఈ పరీక్ష బాగా ఎండ కాసే రోజే చేయాలి.

ఇంకో మాట. మీ ఇంజిన్‌కు సీల్స్‌కు ఆయిల్ అందించే మాజ్డా ఆయిల్ మీటరింగ్ పంపు తీసేసి ఉంటే, పెట్రోలులోనే టూ-స్ట్రోక్ ఆయిల్ కలపాలి. లీటరుకు 7, 8 మిల్లీలీటర్లు వాడుకలో ఉన్న పాళ్లు. ఏపెక్స్ సీల్స్‌కు వేరే దిక్కు లేదు కాబట్టి, ప్రతి నింపుడుకీ ఎంత కలిపారో లాగ్‌బుక్‌లో రాయండి.

ఇప్పుడు మీ తడబాటు. మీరు చెప్పిన లక్షణం చూస్తే నా అనుమానం నేరుగా ఇంజెక్టర్ల స్టేజింగ్ మీదికి వెళ్తోంది. 13బిలో రోటర్‌కు రెండు ఇంజెక్టర్లుంటాయి. తక్కువ పవర్‌లో ప్రైమరీ ఒక్కటే పనిచేస్తుంది. మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్ లోపలికి వెళ్లే గాలి ఒత్తిడి) ఒక హద్దు దాటగానే కంట్రోలర్ సెకండరీని కూడా తెరుస్తుంది. అప్పటిదాకా ఒకటి చేసిన పని రెండు పంచుకోవాలి కాబట్టి ఒక్కోదాని పల్స్‌ను సగం చేస్తుంది. తేడా సరిగ్గా ఇక్కడే వస్తుంది. ఇంజెక్టర్‌కు కరెంటు అందగానే పెట్రోలు రాదు, లోపలి సూది లేవడానికి కొంత సమయం పడుతుంది. దీన్ని డెడ్ టైమ్ అంటారు. పల్స్ 10 మిల్లీసెకన్లు, డెడ్ టైమ్ 1 మిల్లీసెకన్ అనుకోండి. పెట్రోలు నిజంగా కారేది 9. స్టేజింగ్ దగ్గర పల్స్ 5 అయితే ఒక్కో ఇంజెక్టర్ నుంచి కారేది 4, రెండూ కలిపి 8. కంట్రోలర్ సమానంగా పంచాననుకుంటుంది, ఇంజిన్‌కు మాత్రం 11 శాతం తక్కువ అందుతుంది. రోటరీ తడబడడానికి అది చాలు. పైగా మాజ్డా అన్ని మోడళ్లలో రెండు ఇంజెక్టర్ల సైజూ ఒకటి కాదు. 1990ల నాటి టర్బో ఆర్‌ఎక్స్-7లో ప్రైమరీ 550 సీసీ, సెకండరీ 850 సీసీ. అలాంటి సెట్ మీ దగ్గరుంటే సగానికి సగం అన్న లెక్కే పనికిరాదు. ఇంజెక్టర్ మీది నంబరు చూసి సైజు తేల్చుకోండి.

దీన్ని నిర్ధారించుకునే పద్ధతి చెబుతాను. తోకను గట్టి కొక్కేనికి కట్టి, చక్రాలకు అడ్డాలు పెట్టి, ప్రొపెల్లర్ వరసలో ఎవరూ లేకుండా చూసి, థ్రాటిల్‌ను చాలా నెమ్మదిగా ఆ చోటుకి తెచ్చి అక్కడే ఆపండి. దాటించకండి. తడబాటు అలాగే కొనసాగితే అది డెడ్ టైమ్ లేదా మ్యాప్ అంకెల సమస్య. అక్కడే మిక్స్చర్ నాబ్‌ను కొంచెం రిచ్ వైపు తిప్పండి. ఇంజిన్ వెంటనే కుదుటపడితే లీన్ అని ఖాయమైనట్టే. అలా కాకుండా ఒక్క క్షణం దగ్గి, ఆపి ఉంచితే సర్దుకుంటుంటే, కారణం వేరు. సెకండరీ ఇంజెక్టర్లు పోర్టుకు దూరంగా ఉంటే మొదట చిమ్మిన పెట్రోలు పొడిగా ఉన్న గొట్టం గోడలను తడపడానికే సరిపోతుంది. దానికి మ్యాప్ మార్చకూడదు, యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ (థ్రాటిల్ తోసినప్పుడు కాసేపు అదనంగా పోసే పెట్రోలు) పెంచాలి. ఈ రెండింటినీ వేరు చేయకుండా అంకెలు మార్చేవాళ్లే వారాల తరబడి తిప్పలు పడతారు.

ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ మీద ఇక్కడ పూర్తిగా ఆధారపడకండి. రిచ్ ఎక్కువై మిస్‌ఫైర్ అయినా, కాలని ఆక్సిజన్ ఎగ్జాస్ట్‌లోకి వచ్చి సెన్సర్ లీన్ అనే చూపిస్తుంది. దాన్ని నమ్మి ఇంకా రిచ్ చేస్తే పరిస్థితి మరింత పాడవుతుంది. 100ఎల్‌ఎల్ (విమాన పెట్రోలు) వాడుతుంటే అందులోని సీసం ఆ సెన్సర్‌ను త్వరగా చంపేస్తుంది. కాబట్టి సీసం లేని ఇంధనంతో ట్యూనింగ్ ముగించి, ఆ తర్వాత మారడం మంచిది. స్టేజింగ్ హద్దు కూడా ఒకే అంకె మీద ఉండకూడదు. తెరుచుకునే చోటుకూ మూసుకునే చోటుకూ మధ్య కొంత ఎడం లేకపోతే, సరిగ్గా ఆ ప్రెషర్ దగ్గర క్రూజ్ చేసేటప్పుడు సెకండరీలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఊగుతాయి. వీలైతే మీరు ఎక్కువసేపు ఉండే పవర్‌కు దూరంగా ఆ హద్దును జరపండి.

డెడ్ టైమ్ గురించే ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. వోల్టేజ్ తగ్గితే డెడ్ టైమ్ పెరుగుతుంది. అంటే ఆల్టర్నేటర్ పోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు, మీకు ఇంజిన్ ఎంతో అవసరమైన ఆ సమయంలోనే, మిక్స్చర్ లీన్ వైపు జారుతుంది. పంపు కూడా నెమ్మదిస్తుంది. కంట్రోలర్‌లో వోల్టేజ్ కరెక్షన్ ఉండాలి, ఉందని పుస్తకంలో రాసి ఉంటే చాలదు. టేకాఫ్ పవర్‌లో ఆల్టర్నేటర్ ఆపేసి చూడండి. తర్వాత క్రూజ్ పవర్‌లో, ఆల్టర్నేటర్ లేకుండా, ఇంజిన్ ఎన్ని నిమిషాలు సాఫీగా నడుస్తుందో నేల మీదే కొలిచి ఆ అంకెను ప్యానెల్ మీద అతికించండి. రెండు బ్యాటరీలుంటే ఒక్కోదానితో విడిగా చేయండి. ఈ ఇంజిన్‌కు మ్యాగ్నెటోలు (బ్యాటరీ లేకుండానే స్పార్క్ ఇచ్చేవి) లేవు. కరెంటు లేకపోతే ఇంజిన్ లేదు.

రెండు కంట్రోలర్లు పెట్టుకున్నవాళ్లలో చాలామంది మొదటిదాన్నే శ్రద్ధగా ట్యూన్ చేస్తారు. రెండోది పెట్టెలో వచ్చిన మ్యాప్‌తోనే ఉండిపోతుంది. మొదటిది పోయిన రోజు మీట రెండోదాని మీదికి తిప్పితే ఇంజిన్ నల్లపొగ కక్కుతూ ఆగిపోవచ్చు. రెండిటికీ ఒకే పని చేయండి, టేకాఫ్‌కు ముందు చేసే ప్రతి రన్-అప్‌లోనూ మార్చి చూడండి.

మ్యాప్ ట్యూనింగ్‌లో ప్రొపెల్లరే మీ డైనమోమీటర్. ఫిక్స్‌డ్ పిచ్ కాబట్టి థ్రాటిల్ కదపకుండా మిక్స్చర్ మాత్రమే మారుస్తూ ఆర్‌పీఎం చూడండి. ఎక్కడ గరిష్ఠమైందో అదే ఆ చోటుకి బెస్ట్ పవర్ మిక్స్చర్. రోటరీకి అది మామూలుగా బరువులో ఒక పాలు పెట్రోలుకు 12.5 నుంచి 13 పాళ్ల గాలి మధ్య వస్తుంది. ఎక్కువ పవర్ గళ్లను అక్కణ్నుంచి ఇంకాస్త రిచ్ వైపు ఉంచండి. కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ ఉన్నవాళ్లకు ఇది ఇలాగే పనిచేయదు. గవర్నర్ ఆర్‌పీఎంను పట్టి ఉంచుతుంది కాబట్టి బ్లేడ్లు ఫైన్ పిచ్ స్టాప్ (కోణం ఇక తగ్గని హద్దు) మీదే ఆగే పవర్‌లో చేయాలి.

అయితే నేల మీద ఎంత కష్టపడ్డా మీరు చూడగలిగేది మ్యాప్‌లో ఒక్క గీతను మాత్రమే. ప్రొపెల్లర్ లాగే పవర్ ఆర్‌పీఎం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. 80 శాతం ఆర్‌పీఎం దగ్గర సగం పవరే కావాలి. అంటే విమానం నిలబడి ఉన్నంతసేపూ ప్రతి ఆర్‌పీఎంకూ ఒకే మ్యానిఫోల్డ్ ప్రెషర్ ఉంటుంది, ఇంజిన్ ఆ గీత వెంటే పోతుంది. గాలిలో పరిస్థితి వేరు. వేగం పెరిగేకొద్దీ ప్రొపెల్లర్ తేలికవుతుంది. నేల మీద ఫుల్ థ్రాటిల్‌లో 5,200 ఆర్‌పీఎం చూపించిన ఇంజిన్ లెవెల్ ఫ్లైట్‌లో 6,000 దాటవచ్చు. ఆ మధ్య గళ్లను నేల మీద ఎప్పుడూ తాకలేదు, ఫుల్ పవర్‌లో మొదటిసారి తాకేది టేకాఫ్‌లో. దిగేటప్పుడు థ్రాటిల్ మూసి ఉంటే ఆర్‌పీఎం ఎక్కువ, ప్రెషర్ తక్కువ, అదింకో మూల. ఎత్తు పెరిగితే మరో మూల. కాబట్టి ఎగిరే ముందు గీతకు ఇరువైపులా ఉన్న గళ్లను పక్కవాటి నుంచి సాఫీగా పొడిగించండి, ఒక గడికీ పక్క గడికీ మధ్య పెద్ద అంతరం ఎక్కడా ఉండకూడదు. పై ఆర్‌పీఎం వైపు గళ్లను కావాలనే రిచ్‌గా పెట్టండి. కొంచెం రిచ్‌గా ఉన్న రోటరీ ఇంధనం వృథా చేస్తుంది, అంతే. ఫుల్ పవర్‌లో లీన్ అయితే డిటొనేషన్ (మిశ్రమం ఒక్కసారిగా పేలడం) వచ్చి ఏపెక్స్ సీల్ విరుగుతుంది.

ఇగ్నిషన్ టైమింగ్ మీద ఎక్కువ సమయం పెట్టకండి. రోటర్‌కు రెండు ప్లగ్‌లుంటాయి, లీడింగ్, ట్రెయిలింగ్. టర్బో లేని 13బికి లీడింగ్ ప్లగ్ 20 నుంచి 25 డిగ్రీల ముందు, ట్రెయిలింగ్ దానికి 10, 15 డిగ్రీల వెనక ఉంటే విమానానికి చాలు. ఇంకో రెండు హార్స్‌పవర్ కోసం ముందుకు జరపడంలో లాభం కంటే ప్రమాదమే ఎక్కువ. చేయాల్సింది ఒక్కటే. కంట్రోలర్ తెరమీద చూపే అంకె నిజమో కాదో టైమింగ్ లైట్‌తో పుల్లీ మీద చూడండి. సెన్సర్ ఒక పన్ను పక్కకు బిగించి ఉంటే తెర మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. రన్-అప్‌లో లీడింగ్, ట్రెయిలింగ్ విడివిడిగా ఆపి చూడండి. ట్రెయిలింగ్ ఆపితే ఆర్‌పీఎం కొద్దిగా, లీడింగ్ ఆపితే స్పష్టంగా తగ్గుతుంది. మీ ఇంజిన్‌కు ఆ తగ్గుదల ఎంతో ఈ రోజుల్లోనే రాసి పెట్టుకోండి.

ఆయిల్ వేడి దగ్గరికి వద్దాం. కారు రేడియేటర్‌తో పని నడిపించే అలవాటున్నవాళ్లకు రోటరీలో ఆయిల్ ఎంత పని చేస్తుందో తట్టదు. రోటర్లను చల్లబరిచేది ఆయిలే. ఇంజిన్ వదిలించుకోవాల్సిన వేడిలో సుమారు మూడో వంతు ఆయిల్ మీదుగానే పోతుంది. కారులో ఫుల్ పవర్ కొన్ని సెకన్లే కాబట్టి చిన్న కూలర్ నెట్టుకొస్తుంది. విమానంలో నిమిషాల తరబడి వాడతాం.

మీ 105 ఎక్కడ కొలిచారన్నది మీరు రాయలేదు. సంప్‌లోనా (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), కూలర్ దాటి ఇంజిన్‌లోకి వెళ్లే చోటా? ఈ రెండూ వేర్వేరు సంగతులు. ఇంజిన్‌లోకి వెళ్లే ఆయిల్ 100 దాటకూడదన్నది నేను పాటించే హద్దు. సంప్‌లో 105 అయితే అంత కంగారు లేదు. కూలర్‌కు ముందూ వెనకా ఒక్కో సెన్సర్ పెట్టండి, అసలు విషయం ఆ తేడాలో తెలుస్తుంది. ముందు 115, వెనక 108 అయితే కూలర్ వేడిని వదలడం లేదు. గాలి దాని గుండా పోవడం లేదన్నమాట, లేదా ఆయిల్ దాన్ని తప్పించుకుని పోతోంది. కొన్ని మాజ్డా కూలర్లలో లోపలే బైపాస్ థర్మోస్టాట్ ఉంటుంది, అది తెరుచుకున్నట్టే ఇరుక్కుపోతే ఆయిల్ చల్లబడకుండా తిరిగి వచ్చేస్తుంది. తేడా పాతిక డిగ్రీలు ఉండి కూడా మొత్తం వేడి ఎక్కువగా ఉంటే, కూలర్ బాగానే ఉంది, అది చిన్నదైనా కావాలి, దానిలోకి ఆయిల్ తక్కువైనా వెళ్తుండాలి. గొట్టాల లోపలి వ్యాసం, ఫిట్టింగుల మలుపులు చూడండి.

గాలి వైపు కొలవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. రంగు నీళ్లు పోసిన పారదర్శక గొట్టాన్ని U ఆకారంలో వంచి, ఒక కొనను కూలర్ ముందు, ఇంకో కొనను వెనక పెట్టండి. నీటి మట్టాల తేడాయే గాలిని తోసే ఒత్తిడి. పాత ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ ఉంటే అదీ ఈ పని చేస్తుంది. తేడా దాదాపు లేదంటే గాలి కూలర్ చుట్టుపక్కల సందుల్లోంచి పోతోంది. వేలు పట్టే సందు కూడా చాలా గాలిని తినేస్తుంది. సిలికాన్, రబ్బరు పట్టీలతో డక్ట్‌ను కూలర్ అంచులకు పూర్తిగా మూసేయండి. గాలి బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారికన్నా పెద్దదిగా ఉందో లేదో చూడండి. నేల మీద ఇంకో ఇబ్బంది, ప్రొపెల్లర్ మొదలు దగ్గర బ్లేడ్లు గాలిని పెద్దగా తోయవు. మీ గాలి ద్వారాలు స్పిన్నర్ (ప్రొపెల్లర్ ముక్కు) పక్కనే ఉంటే నేల మీద అంకెలు కొంత ఎక్కువగానే వస్తాయి. దాన్నొక సాకుగా తీసుకుని ఎగరకండి, ఈ కొలతలన్నీ అయ్యాకే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

కూలెంట్ విషయంలో ఒక్క సలహా: టెంపరేచర్ గేజ్‌తోపాటు ప్రెషర్ గేజ్ కూడా పెట్టండి. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, 15 పీఎస్‌ఐ మూతతో అది దాదాపు 130కి పెరుగుతుంది. ఒత్తిడి పోతే ఆ ధీమా కూడా పోతుంది. లీకైనప్పుడు ముందు పడిపోయేది ప్రెషర్. కూలెంట్ పూర్తిగా ఖాళీ అయితే టెంపరేచర్ సెన్సర్ గాల్లో వేలాడుతూ చల్లగా ఉన్నట్టు చూపించగలదు.

ఎగ్జాస్ట్ వాయువులు రోటరీలో 870 నుంచి 930 డిగ్రీల దాకా వేడిగా వస్తాయి, పోర్టు ఒక్కసారిగా తెరుచుకుంటుంది కాబట్టి దెబ్బ కూడా గట్టిగా తగులుతుంది. మామూలు స్టీలు మఫ్లర్ లోపలి రేకులు పగిలి ఊడిపోతాయి. స్థోమత ఉంటే ఇన్‌కోనెల్ 625, లేకపోతే కనీసం 321 స్టెయిన్‌లెస్, అదీ మందంగా. ప్రతి రన్ తర్వాత వెల్డింగుల దగ్గర టార్చ్ వేసి పగుళ్లు చూడండి. క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ ఉండాల్సిందే.

గేర్‌బాక్స్ ఐడిల్‌లో గలగలమంటుంటే ఐడిల్ పెంచండి, 1,500 నుంచి 1,800 మధ్య నిశ్శబ్దమయ్యే చోటు దొరుకుతుంది. డ్రెయిన్ మ్యాగ్నెట్ మీద మొదట్లో మెత్తటి బూడిద లాంటిది రావడం సహజం. మెరిసే ముక్కలు కనిపిస్తే అక్కడితో ఆపి విప్పండి.

ఇవన్నీ కుదిరాక తోక కట్టి, ముక్కు ఎత్తి, కౌలింగ్ మూసి ఫుల్ పవర్ రన్ చేయండి. మీ విమానం సర్క్యూట్ ఎత్తుకు (ల్యాండింగ్ కోసం ఫీల్డ్ చుట్టూ తిరిగే ఎత్తు) చేరడానికి పట్టే సమయం కంటే ఎక్కువసేపు, ఉష్ణోగ్రతలు హద్దులో ఉన్నంతవరకు. ఇది వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వాతావరణాల్లో నిలకడగా వచ్చాకే మొదటి ఫ్లైట్ గురించి ఆలోచించండి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ, సర్టిఫైడ్ ఇంజిన్, ప్రొపెల్లర్ జోడీ ఉన్న సొంత విమానాలకు మామూలుగా 25 గంటల టెస్ట్ ఫ్లయింగ్ పెడితే, ఇలాంటి ఇంజిన్లకు 40 గంటలు పెడుతుంది. మీ దగ్గరి నియమం ఏదైనా 40నే కనీసంగా పెట్టుకోండి. ఎఫ్‌ఏఏ ప్రచురించిన ఏసీ 90-89 పత్రం ఉచితంగా దొరుకుతుంది. ఇంజిన్ ఏదైనా, ఆ గంటలను ఎలా పంచుకోవాలో అందులో వివరంగా ఉంది.

మొదటి ఫ్లైట్లలో ట్యూనింగ్ ముట్టుకోవద్దు. ఫీల్డ్ మీదే, ఎత్తులో, గుండ్రంగా తిరగండి. డేటా లాగ్ కానివ్వండి. దిగాక కంప్యూటర్‌లో చూసి, ఒకసారికి ఒక్క మార్పే చేయండి, పాత మ్యాప్‌ను తేదీ వేసి దాచండి. ఒంటరిగా ఎగురుతూ తల దించి నాబ్ తిప్పడం ఇంజిన్ తడబాటుకన్నా ప్రమాదం. క్రూజ్‌లో లీన్ చేయడం చివర్లో నేర్చుకోండి. రోటరీ పీక్ ఈజీటీ (ఎగ్జాస్ట్ వేడి గరిష్ఠమయ్యే చోటు) దాటి లీన్‌లో కూడా తక్కువ పవర్ దగ్గర బాగానే నడుస్తుంది. ఎత్తు చేతిలో ఉన్నప్పుడు ఒకసారి గ్లైడ్ కూడా కొలవండి. గేర్‌బాక్స్ ఉన్న ఇంజిన్ 1,800 ఐడిల్‌లో కొంత తోస్తూనే ఉంటుంది, కాబట్టి ఐడిల్‌లో వచ్చిన గ్లైడ్ నిజంగా ఇంజిన్ ఆగినప్పుడు రాదు. తక్కువే వస్తుందని లెక్కేసుకుని ఫీల్డ్‌కు దగ్గరగా ఉండండి.

ఇప్పటికి మీరు చేయాల్సింది రెండు. ఆయిల్ కూలర్‌కు అటూ ఇటూ సెన్సర్లు పెట్టి ఆ తేడా రాయండి, ఏ ఆర్‌పీఎం దగ్గర ఎన్ని నిమిషాలకు ఎంత వచ్చిందో సహా. తడబడే చోట థ్రాటిల్ ఆపి, అది కొనసాగుతోందా సర్దుకుంటోందా చూసి, అక్కడి మ్యానిఫోల్డ్ ప్రెషర్, ఇంజెక్టర్ నంబర్లు రాయండి. అవి తెలిస్తే స్టేజింగ్ హద్దు ఎక్కడ పెట్టాలో, డెడ్ టైమ్ అంకె ఎంత మార్చాలో లెక్క కట్టి చెబుతాను.